బోడిగుట్ట మీద భోజనాలు

మా ఎగువసీమకీ, పక్కనున్న దిగువసీమకీ మధ్య ఒక గుట్ట ఉంది. పేరు బోడిగుట్ట. పేరు విని మేమేదో దాన్ని చిన్నచూపు చూస్తున్నామనుకునేరు, నిజంగానే దాని మీద ఏమీ లేదు. గడ్డి లేదు, నీళ్ళు లేవు. మేకలు కూడా పైదాకా ఎక్కి, ఒకసారి చుట్టూ చూసి దిగిపోతాయి. ఆ గుట్ట మాదంటే మాదని రెండు దేశాలూ మాటలు మానేసి చాలా ఏళ్ళయింది. "అసలు ఆ గుట్ట మీకెందుకయ్యా?" అని ఎవరైనా అడిగితే మాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఎందుకో తెలిస్తే చెప్పేవాళ్ళం కదా, కోపం ఎందుకు తెచ్చుకుంటాం!

అయితే రెండు దేశాల మధ్య రాకపోకలకు ఉన్న ఒకే ఒక్క దారి ఆ గుట్ట మీదుగానే పోతుంది. గొడవ మొదలవగానే వాళ్ళు అటు గేటు మూశారు, మేము ఇటు గేటు మూశాం. పెళ్ళిళ్ళయి అటు వెళ్ళిన ఆడపిల్లలు అటే, ఇటు వచ్చిన కోడళ్ళు ఇటే ఉండిపోయారు. "దేశం కోసం ఆ మాత్రం ఓర్చుకోలేరా?" అని మేము ఉపన్యాసాలిచ్చాం. ఉపన్యాసం ఇచ్చినవాడి అక్కచెల్లెళ్ళంతా మాత్రం ఇటువైపే ఉండేవారు.

జోగారావుది అంత అదృష్టం కాదు. అతని అక్క వరాలు దిగువసీమ కోడలు. తల్లి చిన్నప్పుడే పోతే జోగారావును పెంచింది ఆ అక్కే. పళ్ళెంలో అన్నమంతా ఒక్కసారే కలిపి, "చేయి పట్టరా" అని అరచేతిలో ముద్ద పెట్టేది. అది తింటూ పెరిగిన జోగారావుకి తర్వాత ఎవరింట తిన్నా తిన్నట్టుండేది కాదు. అక్క కాపురానికి వెళ్ళింది. గేటు పడింది. గేటు తీయించే పని సరిహద్దు వ్యవహారాల శాఖ చూస్తుందని ఎవరో చెబితే నమ్మి, కష్టపడి చదివి, ఆ శాఖలో ఉద్యోగం సంపాదించాడు. చేరాకగానీ తెలియలేదు పాపం, ఆ శాఖ పెట్టిందే గేటు మూసి ఉంచడానికని. అప్పటికే పెన్షను ఉద్యోగం, వదులుకుంటాడా? మేమైతే వదులుకుంటామా?

ఇలా ఉండగా ఎక్కడో దూరదేశంలో ఉన్న మధ్యవర్తి సంఘానికి మా మీద జాలి కలిగింది. వాళ్ళు ఒక పండితుణ్ణి పంపారు. ఆయన రెండు దేశాలూ తిరిగి, మా ఆచారాలన్నీ గమనించి, చివరికి తీర్పు సూత్రం ఒకటి కనిపెట్టాడు. ఈ ప్రజల్లో ఇంటికి వచ్చినవాడికి అన్నం పెట్టేవాడే ఇంటి యజమాని, తినేవాడు అతిథి. కనుక ఈ రెండు దేశాల ప్రతినిధులూ గుట్ట మీద కలుసుకోవాలి. ఎవరు ఎదుటి ప్రతినిధి చేత అన్నం తినిపించగలిగితే గుట్ట వారిది. గుట్ట ఎవరిదో తేలగానే రెండు గేట్లూ తీసేయాలి.

మాకు ఒళ్ళు పులకరించింది. అన్నం పెట్టడంలో మమ్మల్ని మించినవాళ్ళు ఎవరున్నారని! సరిగ్గా అదే మాట దిగువసీమ వాళ్ళూ అనుకున్నారని తర్వాత తెలిసింది.

శాఖ కార్యదర్శి మార్తాండం గారు జోగారావును గదిలోకి పిలిపించారు. ఆయన మామూలుగా మాట్లాడినా జెండా ఎగరేస్తున్నట్టు ఉంటుంది.

"జోగారావ్! మన ప్రతినిధిగా నిన్ను నియమిస్తున్నాం. ఎందుకో తెలుసా?"

"తెలీదండీ."

"నువ్వు ఎవరింటికెళ్ళినా రెండోసారి వడ్డించుకోవు. మా అమ్మాయి పెళ్ళిలో మా ఆవిడ స్వయంగా వచ్చి బతిమాలినా పులిహోర ముట్టలేదు. ఆనాడు నాకు ఒళ్ళు మండింది. ఈనాడు అదే నీ జాతీయ అర్హత."

"కడుపులో బాగోలేదండీ ఆవేళ."

"బాగుండకూడదు! గుట్ట మన చేతికొచ్చేదాకా నీ కడుపు బాగుపడటానికి వీల్లేదు. గుర్తుంచుకో, ఇది భోజనం కాదు, సార్వభౌమత్వం. ప్రతి గరిటె ఒక ఫిరంగి. పెట్టిరా. తిన్నావో, ద్రోహివి."

జోగారావుకి ఆ మాటలేవీ చెవికెక్కలేదు. గుట్ట తేలితే గేటు తీస్తారన్న ఒక్క ముక్కే చెవిలో మోగుతోంది. ఆ రోజు ఇంటికి నడుస్తూ అక్కకి ఏ రంగు చీర కొనాలా అని ఆలోచించాడు. అతని వయసుకి ఆ సంబరం కాస్త ఎక్కువే, కానీ ఏం చేస్తాం, మనిషి అలాంటివాడు.

మొదటి సమావేశం మండుటెండలో జరిగింది. గుట్ట నెత్తిన షామియానా వేశారు. మా వైపునుంచి గంగాళాలు ఎక్కాయి, వాళ్ళ వైపునుంచీ గంగాళాలు ఎక్కాయి. మధ్యలో బల్ల. బల్లకి అవతల దిగువసీమ ప్రతినిధి వచ్చి కూర్చున్నాడు. బొజ్జ కొంచెం పెరిగింది, మీసం నెరిసింది, అంతే. జోగారావు ఇట్టే గుర్తుపట్టాడు. ఆయన స్వయానా బావ, గవర్రాజు.

"గౌరవనీయ దిగువసీమ ప్రతినిధి గారికి నమస్కారం," అన్నాడు జోగారావు గొంతు సవరించుకుని.

"గౌరవనీయ ఎగువసీమ ప్రతినిధి గారికి ప్రతినమస్కారం," అన్నాడు గవర్రాజు. తర్వాత గొంతు తగ్గించి, "ఏరా జోగీ, ఇలా చిక్కిపోయావేంట్రా?" అన్నాడు.

"అక్క బాగుందా బావా?"

"నిన్ను తల్చుకోని రోజు లేదనుకో. ముందు ఈ బూరె తిను."

"నువ్వు మా గారె తిను."

"ముందు నువ్వు తింటే తింటాను."

"అమ్మో! ఆ పప్పులేం ఉడకవు. నువ్వే ముందు."

అదీ అంతర్జాతీయ చర్చ. మధ్యవర్తి సంఘం పంపిన పరిశీలకుడు పక్కనే కుర్చీ వేసుకుని ఇద్దరి నోళ్ళవైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన మన భాష నిఘంటువుల్లోంచి నేర్చుకున్నాడు. ఉండి ఉండి, "మహాశయులారా, భుజించితిరా?" అని అడుగుతున్నాడు. ఇద్దరూ తల అడ్డంగా ఊపుతున్నారు. దాహం వేసినా ఎవరి మరచెంబు వారిదే. మధ్యాహ్నం దాటేసరికి అన్నం ఎండకి పలుకులు కట్టింది, కాకులు మాత్రం రెండు దేశాల ఆతిథ్యమూ నిష్పక్షపాతంగా స్వీకరించాయి. చర్చలు సుహృద్భావ వాతావరణంలో జరిగాయనీ, ఇరుపక్షాలూ ఆకలితో విడిపోయాయనీ ప్రకటన వెలువడింది.

వండిన సరుకు కిందకి దించుదామంటే మార్తాండం గారు ఒప్పుకోలేదు. "దించితే వెనక్కి తగ్గినట్టు! బియ్యం బస్తాలు గుట్టమీదే మోహరించి ఉండాలి," అన్నారు. వాళ్ళూ అదే అన్నారు. అంచేత ప్రతి సమావేశానికీ కొత్త బస్తాలు ఎక్కేవి, ఒక్కటీ దిగేది కాదు.

ఇక దేశంలో ఊపు చూడాలి! ఆతిథ్య రక్షణ శాఖ అని కొత్త శాఖ వెలిసింది. ఫిరంగి దళాల వాళ్ళకి గరిటెలిచ్చారు. బళ్ళో పిల్లల మధ్యాహ్న భోజనంలో నెయ్యి ఆపేసి గుట్ట మీదకు పంపారు. పిల్లలు ఏడిస్తే టీచర్లు దేశభక్తి గేయం పాడించారు. మేము వీధుల్లో నిలబడి చింతపండు విరాళాలు పోగుచేశాం. నేనూ ఒక వీశె ఇచ్చాను, అబద్ధమెందుకు? ఇంట్లో నెల్లాళ్ళు చారు లేదు.

పెట్టడం ఒక్కటే కాదు కదా, వద్దనడం కూడా రావాలి. అందుకని ప్రతినిధి బృందానికి నిరాకరణ శిక్షణ మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళలో వడ్డించి వడ్డించి ఆరితేరినవాళ్ళను పట్టుకొచ్చి శిక్షకులుగా వేశారు. వాళ్ళు బూరెల పళ్ళెంతో వరుసల మధ్య తిరుగుతూ, "ఒక్కటండీ, నా మీద ఒట్టే," అంటారు. సిపాయిలు విస్తరి మీదకి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టి, "బాబ్బాబు, కడుపు నిండిపోయిందండీ," అనాలి. చూడటానికి తేలికే. మన ప్రాణమేమో ఎదుటివాడు మూడోసారి అడిగితే కాదనలేదు. మేజరు ఒకాయన కత్తిపోట్లకి బెదరనివాడు, "మీకు మా ఇంటి వంట నచ్చలేదేమో లెండి," అని శిక్షకురాలు మొహం చిన్నబుచ్చుకునేసరికి బొబ్బట్టు తినేసి బావురుమన్నాడు. ఆయన మెడల్స్ పీకేశారు.

జోగారావు మాత్రం రాయిలా కూర్చునేవాడు. వద్దనడం అతనికి కొత్త కాదు. మార్తాండం గారు అతని భుజం తట్టి, "నువ్వు మన దుర్గానివయ్యా," అన్నారు.

ఆ దుర్గానికి ఒక్క దిడ్డిదారి ఉందని దిగువసీమ వాళ్ళు ఎలా కనిపెట్టారో మరి!

ఆ రోజు సమావేశానికి జోగారావు వెళ్ళేసరికి వాళ్ళ గంగాళాలేవీ కనబడలేదు. వంటవాళ్ళ దండూ లేదు. ఒక మూల మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద చిన్న గిన్నె. పొయ్యి ముందు కొంగు బొడ్లో దోపుకుని ఒకావిడ ఊదుతోంది. వెనకనుంచి చూసినా జోగారావు పోల్చుకున్నాడు.

"నేను చెప్పలేదురా," అన్నాడు గవర్రాజు తల వంచుకుని. "మా గూఢచారులెవరో కనిపెట్టి మా ప్రభుత్వానికి చెప్పారు."

"ఎవరు బావా ఆ గూఢచారి?"

"నేనేననుకో. దీన్ని నీకు చూపించడానికి నాకు ఇంకో దారి కనబళ్ళేదు."

వరాలు వెనక్కి తిరిగింది. తమ్ముణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. జుట్టు చూసింది, కళ్ళకింద నలుపు చూసింది. ఏడుస్తుందేమోనని రెండు దేశాల సిపాయిలూ కంగారుపడ్డారు. ఆవిడ ఏడవలేదు, కోప్పడింది.

"ఏవిట్రా ఆ అవతారం? ప్రతినిధి అంటే గుర్రమంత ఉంటావనుకున్నాను. ఊచలా అయిపోయావు. మీ దేశంలో తిండి పెట్టట్లేదా?"

"అక్కా, నువ్వు ఇక్కడికి..."

"మాటలు తర్వాత. కూర్చో."

జోగారావు కూర్చున్నాడు. శిక్షణలో నేర్చినట్టే విస్తరికి అడ్డంగా పెడదామని రెండు చేతులూ సిద్ధం చేసుకున్నాడు. కానీ ఆవిడ విస్తరి వెయ్యలేదు. పళ్ళెంలో అన్నం కుమ్మరించి, చింతచిగురు పప్పు వేసి, నెయ్యి పోసి, అంతా ఒక్కసారే కలపడం మొదలెట్టింది. ఆ వాసన సోకేసరికి మా సిపాయిలు తుపాకులు కింద పెట్టారు. కొండకింద వైర్‌లెస్ దగ్గర కూర్చున్న మార్తాండం గారు, "ఏం జరుగుతోంది? ఏం జరుగుతోంది?" అని అరుస్తున్నారు.

"చేయి పట్టండి," అంది వరాలు.

ముందు గవర్రాజు చేయి చాచాడు, రోజూ ఉన్న అలవాటే. ముద్ద పడింది, నోట్లోకి పోయింది. తర్వాత ఇటు తిరిగింది. విస్తరికి అడ్డం పెట్టడం ఎలాగో నేర్పారుగానీ అరచేతికి అడ్డం పెట్టడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. జోగారావు ఏదో అందామనుకున్నాడు. ఈలోగా చెయ్యి ముందుకు వెళ్ళింది. అతను పంపలేదు, అది వెళ్ళింది. ముద్ద పడింది. నోట్లో పెట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ముద్ద. మళ్ళీ.

పరిశీలకుడు కుర్చీలోంచి లేచాడు. "ఎగువసీమ ప్రతినిధి మహాశయా! తాము భుజించితిరా?"

వైర్‌లెస్‌లో మార్తాండం గారి గొంతు కీచుమంది. "ఖండించు జోగారావ్! గట్టిగా ఖండించు!"

జోగారావు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఇన్నేళ్ళ ఉద్యోగం ఒక్కసారి లేచి నిలబడింది. నోట్లోది మింగి, మూతి తుడుచుకుని, నిటారుగా అయ్యాడు.

"సదరు పదార్థం నా నోట ప్రవేశించినట్లు వస్తున్న వార్తలు పూర్తిగా నిరాధారం. వాటిని మా ప్రభుత్వం ఖండిస్తోంది," అన్నాడు.

మీసం మీద చింతచిగురు వేలాడుతూనే ఉంది. వరాలు చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. ఆవిడకి సార్వభౌమత్వం తెలీదు, ఖండన తెలీదు. తమ్ముడు తన అన్నం తినలేదంటున్నాడు, అదొక్కటే అర్థమైంది.

"ఉప్పు చాల్లేదేట్రా?" అని అడిగింది మెల్లిగా.

వైర్‌లెస్ అరుస్తోంది. సిపాయిలు చూస్తున్నారు. పరిశీలకుడు మెడ చాచాడు.

"సరిపోయిందక్కా," అన్నాడు జోగారావు. "ఉప్పూ సరిపోయింది, పులుపూ సరిపోయింది. ఇంత బాగా తిని ఎన్నాళ్ళయిందో."

అంతే, గుట్ట పోయింది.

దిగువసీమలో బాణసంచా కాల్చారు. ఇక్కడ మేము జోగారావు దిష్టిబొమ్మ తగలబెట్టాం. అయితే మార్తాండం గారు ఊరుకునే మనిషా? వెంటనే పాయింటు లేవదీశారు. అన్నం పెట్టిన వరాలు పుట్టింది ఎగువసీమలో, కనుక ఆమె మా ఆడపడుచు, కనుక తిన్నది దిగువసీమ ప్రతినిధి గవర్రాజు, కనుక గుట్ట మాది! ఆమె మా కోడలని వాళ్ళు. మా ఆడపడుచని మేము. బోడిగుట్టను వదిలేసి ఇద్దరం వరాలు మీద పడ్డాం. చివరికి పరిశీలకుడు ఆవిణ్ణే అడిగాడు.

"అమ్మా, నీవు ఏ దేశపు దానవు?"

"నేను వాడికి అక్కని, ఈయనకి పెళ్ళాన్ని," అంది వరాలు. "పొయ్యి నేను పెట్టుకున్నాను, కట్టెలు నేను ఏరుకొచ్చాను. చాలా, ఇంకేమైనా చెప్పాలా?"

చాలునన్నాడు పరిశీలకుడు. ఇద్దరు ప్రతినిధులూ ఆమె చేతి అన్నమే తిన్నారు కనుక సూత్రం ప్రకారం గుట్ట ఆమెదేనని తీర్పు చెప్పి, మిగిలిన పప్పు ఒక డబ్బాలో పెట్టించుకుని తన దేశం వెళ్ళిపోయాడు.

చూడండి మరి మా దౌత్య ప్రతిభ! ఇన్నేళ్ళుగా ఒక్క వాక్యం మీద ఏకీభవించని రెండు దేశాలూ మర్నాటికల్లా సంయుక్త ఒప్పందం రాసేశాయి. ఇంకా గుట్ట మీదే ఉన్న వరాలు అటు దిగితే గుట్ట దిగువసీమది అయిపోతుంది. ఇటు దిగితే ఎగువసీమది అయిపోతుంది. కనుక ఆమెను ఎటూ దిగనివ్వకూడదు, ఎవరినీ పైకి పోనివ్వకూడదు, రెండు గేట్లూ గట్టిగా మూసి ఉంచాలి. రాతకోతలు బాగా వచ్చినవాడు మా శాఖలో జోగారావే. తప్పు దిద్దుకునే అవకాశం ఇస్తున్నామని చిత్తు ప్రతి అతని చేతే రాయించారు. రాశాడు. వాక్యాలు చక్కగా కుదిరాయని మార్తాండం గారు మెచ్చుకున్నారు కూడా. అక్కని గుట్ట మీద బంధించే కాగితం తన చేత్తోనే రాసి, కింద తేదీ వేసి, కలం మూత పెట్టాడు మహానుభావుడు.

సంతకాల సంబరానికి మా గేటు దగ్గర మైదానంలో విందు చేశారు. రెండు దేశాల అధికారులూ ఒకే బంతిలో కూర్చుని, ఒకరికొకరు కొసరి కొసరి వడ్డించుకున్నారు. ఇప్పుడు ఎవరిది ఎవరు తిన్నా ఫర్వాలేదు. గవర్రాజు విస్తరి ముందు దిగాలుగా కూర్చున్నాడు. జోగారావు ఎదురుగా కూర్చుని గుట్టవైపు చూస్తున్నాడు. మధ్యాహ్నం వేళ, గుట్ట మీదనుంచి సన్నగా పొగ లేచింది. రెండు దేశాలూ మోహరించిన బస్తాలన్నీ అక్కడే ఉన్నాయి కదా, వండుకుంటోంది.

మార్తాండం గారు స్వయంగా బూరెల పళ్ళెం పట్టుకొచ్చారు. "ఒక్కటి వేసుకో జోగారావ్. ఇవాళ దేశమే పెడుతోంది, నా మీద ఒట్టే!"

జోగారావు విస్తరి మీదకి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"భేష్! శిక్షణ మర్చిపోలేదన్నమాట. ఇప్పుడు తినొచ్చులేవయ్యా."

"వద్దండీ."

"ఒక్కటంటే ఒక్కటి."

"వద్దన్నాను కదండీ," అని లేచాడు జోగారావు. ఈసారి వద్దనడం ఇంత హాయిగా ఉంటుందని అతనికే తెలీదు. ఎదురుగా గవర్రాజు కూడా చెయ్యి దులుపుకుని లేచాడు. ఇద్దరూ గేటు దగ్గరికి నడిచారు.

కాపలా సిపాయి తుపాకీ అడ్డం పెట్టాడు. "ఒప్పందం ప్రకారం పైకి వెళ్ళకూడదు సార్. తమరే రాశారంట కదా?"

"రాశాను."

"మరి ఏం పని మీద వెళ్తున్నారు?"

జోగారావుకి ఎన్నో మాటలు వచ్చు. పర్యవేక్షణ, పరిశీలన, ద్వైపాక్షిక సంప్రదింపులు. ఒక్కటీ నోటికి రాలేదు.

"అన్నానికి," అన్నాడు.

సిపాయి అటూ ఇటూ చూసి తుపాకీ దించాడు. "ముందే చెప్పొచ్చు కదా సార్. అన్నానికైతే వెళ్ళండి. మా డ్యూటీవాళ్ళు ఇప్పుడే నీళ్ళ బిందెలు మోసిచ్చి, ఒక బంతి తిని దిగారు. అటు గేటువాళ్ళు ఇంకా తింటున్నారు, తొందరగా ఎక్కండి, పప్పు అయిపోతుంది."

మా ప్రభుత్వం ఆ గుట్టని ఈనాటికీ గుర్తించలేదు, గుర్తించబోదని ప్రతి ఏడూ ప్రకటిస్తోంది. మీకు సరిహద్దు వ్యవహారాల శాఖలో ఏదైనా పని పడితే మాత్రం పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ ఉండరు, మార్తాండం గారితో సహా.